తడి చెత్త, పొడి చెత్త, ముత్తమ్మ సామాను

ఎర్రబోరు దగ్గర నుంచి,
శనివారం మధ్యాహ్నం

మహాలక్ష్మీ సమానురాలైన అక్కగారి పాదపద్మములకు, తమ్ముడు శేషు సాష్టాంగపడి, పడినచోటే కాస్త నడుం వాల్చి వ్రాయునది.

ముందుగా క్షమాపణ. ఈ ఉత్తరంలో చెత్త తప్ప ఇంకేమీ ఉండదు. కవరు చింపినందుకు నీకు, పక్కన కూర్చుని వింటున్నందుకు అమ్మకు, వినపడనట్టు పేపరు చదువుతూ అన్నీ వింటున్నందుకు బావకు, పైలోకాల నుంచి నన్ను చూసి తల బాదుకుంటున్న మన వంశంలోని పెద్దలందరికీ పేరుపేరునా క్షమాపణ చెప్పుకుంటున్నాను. బోటనీ చదివి మొక్కల గురించి తెలుసుకోరా అని పంపిస్తే, కుళ్లిన మొక్కల దగ్గర స్థిరపడ్డందుకు ప్రత్యేక క్షమాపణ. భోజనం ముందు కూర్చుని చదువుతుంటే ఇక్కడ ఆపి, చెయ్యి కడుక్కున్నాక మళ్లీ మొదలుపెట్టు.

అక్కడ మీరంతా బాగున్నారనుకుంటాను. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? చిన్నికి కొత్త బడి అలవాటైందా? నేను బాగున్నాను. వేళకి తింటున్నాను, పడుకుంటున్నాను. రెండుసార్లు బాగున్నానని రాశాడంటే ఏదో ఉందని అమ్మ అంటుంది కాబట్టి రెండోసారి రాయడం లేదు.

అసలు ఈ ఉత్తరం ఎందుకంటే, ఈ రోడ్డు మీద లారీ తోలే మన వీధి సత్తిబాబు మీకు ఫోను చేసి, "మీ శేషుని బస్తరులో ఊరోళ్లు పట్టేసుకున్నారు" అని చెప్పాడట. ఎవరూ పట్టుకోలేదు. పట్టుకున్నది మా బండిని, బండి తోలే దశరథ్‌ని. నేను నా కాళ్లతో నేనే వెళ్లాను. ఇది ఫోనులో చెప్పొచ్చు గానీ ఇక్కడ ఫోను సగంలో తెగుతుంది. తెగిన చోటి నుంచి అమ్మ మిగతా కథ తనే అల్లుకుంటుంది. అందుకని మొత్తం కాగితం మీద పెడుతున్నాను.

నా ఉద్యోగం ఏమిటో బావకి ఇప్పటికీ అర్థం కాలేదని తెలుసు. ఇది హైవే పక్క ఊరు. ఊళ్లో చెత్త ఎత్తే ఆడవాళ్లను ఇక్కడ దీదీలంటారు. పొద్దున్నే ఈల వేసుకుంటూ రిక్షా తోసుకుని ఇంటింటికీ వెళతారు. తడి చెత్తను హిందీలో గీలా అని, పొడి చెత్తను సూఖా అని రెండు డబ్బాల్లో తీసుకుని షెడ్డుకి తెస్తారు. షెడ్డులో కూర్చుని మళ్లీ వేరుచేస్తాం. ప్లాస్టిక్ ఒక మూల, రేకులు ఒక మూల, గుడ్డలు ఒక మూల, చెప్పులు ఒక మూల. మట్టిలో పుట్టిందేదైనా ఎరువు గుంతలోకి. ఈ చివరి నియమం నేను పెట్టిందే. గోడ మీద రంగుతో రాయించాను కూడా. సూపర్‌వైజర్ అంటే గోడ మీద రాయించేవాడు, ఎత్తేవాళ్లు వేరే ఉంటారు.

ఊరికి నియమాలు నేర్పడం మాత్రం నా వల్ల కావడం లేదు. మొన్న టీకొట్టు ఆయన టీపొడి తుక్కును ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి, ఆ సంచిని గీలా డబ్బాలో వేశాడు. ఇదేంటి కాకా అంటే, "లోపలిది గీలా, బయటిది సూఖా. వేరుచేసుడు నీ నౌకరీ, నా నౌకరీ చాయ్ పోసుడు" అన్నాడు.

ఎండలు ముదిరాయి. ఇప్పపువ్వు రాలే కాలం. ఊరంతా తియ్యటి మత్తు వాసన, మా షెడ్డు చుట్టూ మాత్రం మా వాసన. గది ఒకటి అద్దెకు తీసుకున్నాను. సాయంత్రం ఆ గదిలోకి వెళ్లాక మాట్లాడటానికి ఎవరూ ఉండరు. హిందీ, హల్బీ, గోండీ, దోర్లీ మాట్లాడేవాళ్ల మధ్య తెలుగు ముక్క వినపడితే కుక్కపిల్లలా తల తిప్పుతాను. అలా తల తిప్పించే మనిషి మా దీదీలలో కన్నమ్మ. దోర్ల తెగ ఆవిడ. తెలుగు మన తెలుగులా ఉండదు గానీ తెలుగే. వయసు అమ్మ కంటే తక్కువ, నీ కంటే ఎక్కువ. మధ్యాహ్నం తన అంబలిలో సగం నాకు పోస్తుంది. తాగకపోతే, "ఏంది సారూ, మా అంబలి గీలానా సూఖానా అని చూస్తున్నవా?" అంటుంది.

ఇక జరిగింది చెబుతాను. పారిశుద్ధ్యం తనిఖీకి పైనుంచి ఎవరో వస్తారని కబురొచ్చింది. ఊరి చుట్టూ దారుల పక్కన చెత్త కుప్ప కనపడకూడదని నాకు ఆజ్ఞ. ఆ వారం కన్నమ్మ పనిలోకి రావడం లేదు. మేనత్త ముత్తమ్మ చనిపోయిందని సెలవు పెట్టింది. ఆ ముత్తమ్మే ఆవిడను పెంచింది. సోమవారం నేనూ దశరథ్ బండేసుకుని బయల్దేరాం. హైవే నుంచి కన్నమ్మ వాళ్ల పల్లెకు దారి చీలే చోట, ఇప్పచెట్టు కింద ఒక కుప్ప కనిపించింది. విరిగిన గొడుగు, సత్తు గిన్నె, రెండు చీరలు, ఈతచాప, నీళ్లు తాగే సొరకాయ బుర్ర, అరిగిపోయిన చెప్పులు, చీరల మీద ఒక వెదురు దువ్వెన. చెత్త పారబోసే చోటు ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. కుప్పను ఫోటో తీశాను. ఎత్తేశాక శుభ్రమైన నేలను ఇంకో ఫోటో తీశాను. రెండూ పక్కపక్కన పెట్టి పై ఆఫీసుకు పంపాను. వాళ్లు బొటనవేలు బొమ్మ పంపారు. షెడ్డులో ఆ సామాను వేరుచేసింది కూడా నేనే, దీదీలు ఇళ్లకు వెళ్లిపోయారు. ఆ రోజు నేను చాలా సంతోషంగా ఉన్నాను అక్కా.

గురువారం కన్నమ్మ పనిలోకి వచ్చింది. చీపురు తీసుకుంది. ప్లాస్టిక్ మూలకు వెళ్లి అక్కడే నిలబడిపోయింది. గొడుగును మేకుకు తగిలించి ఉంచాను, గుడ్డ వేరు ఊచలు వేరు చేద్దామని.

"ఇది యాడిది సారూ?"

చెప్పాను. గొప్పగానే చెప్పాను, దారి ఎంత శుభ్రమైందో. ఆవిడ గొడుగు దించి ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుంది. మిగతా దీదీలు పని ఆపేశారు.

"మా అత్తది" అంది చివరికి. "దీని కోసమే ఊరంత ఎతుకుతున్నరు. ఊచ ఇరిగితే నేనే తీగ కట్టిచ్చిన. జూడు, తీగ."

వాళ్ల ఊరి పద్ధతి అప్పుడు తెలిసింది. మనిషి పోతే, ఆ మనిషి వాడుకున్న సామాను ఇంట్లో ఉంచరు. పోయినవాళ్ల గుర్తుగా రాయి నాటబోయే చోట, ఊరి దారి మొదట్లో, చెట్టుకింద పెడతారు. దినం నాడు రాయి నిలబెట్టి, సామానంతా దాని కింద సర్దుతారు. అప్పటిదాకా ఎవరూ ముట్టరు. మేక కూడా ముట్టదంటుంది కన్నమ్మ. మేక ముట్టనిదాన్ని బోటనీ చదివిన మనిషి ముట్టాడు.

"దినం ఎప్పుడు?"

"రేపే. పొద్దుగూకే యాళకు."

అప్పుడే దశరథ్ ఫోను. పొద్దున్న ఆ దారినే వెళుతుంటే ఊరివాళ్లు బండి ఆపారట. "సాబ్, జల్దీ రండి. వీళ్లు నన్ను ఏమీ అనడం లేదు. చాప వేసి కూర్చోబెట్టి అన్నం పెడుతున్నారు. అదే నాకు భయంగా ఉంది" అన్నాడు.

నేనూ కన్నమ్మా వెళ్లాం. దారంతా ఆవిడ గొడుగు సంకలో పెట్టుకుని నాకంటే ముందు నడిచింది, ఒక్కసారీ వెనక్కి చూడలేదు. ఇప్పచెట్టు కింద మనుషులున్నారు. మధ్యలో రాజయ్య. ముత్తమ్మకు తమ్ముడు, కన్నమ్మకు పెదనాన్న, ఆ ఇంటికి పెద్ద. ఆ పక్కనే దశరథ్ విస్తరాకు ముందు ముద్ద చేతిలో పట్టుకుని బిగుసుకుపోయి ఉన్నాడు.

"నువ్వేనా చెత్త సారువి?" అన్నాడు రాజయ్య.

అవునన్నాను.

"మా అక్క సామాను నీ కంటికి చెత్త లెక్క కనబడ్డదా బిడ్డా?"

తిట్టి ఉంటే బాగుండేది అక్కా. చాలా మెల్లగా అడిగాడు. తెలియక తీశానండీ అన్నాను. మన అండీలు ఆయనకు కొత్త, కాసేపు నా మొహం చూశాడు.

"తెలవక తీసినోని మీద మాకు పగ లేదు. రోడ్డు మీద పోయేటోడు, ఆనికేం తెలుసు. మనసుపడి ఎత్తుకపోయినోడు వేరు. అసుంటోని ఎంబడి సచ్చిన మా అక్క నడిచి పోతది. రాయి కాడ కూసోదు." తర్వాత కన్నమ్మ వైపు తిరిగాడు. "నువ్వు ఆళ్ల కాడ పని చేస్తున్నవ్. ఊరోళ్లంత ఏమంటున్నరో తెలుసా? చెత్త బండికి దారి జూపింది కన్నమ్మే అంటున్నరు."

"నేను ఇంట్లనే ఉన్న గదా పెద్దయ్యా. అత్తకు నీళ్లు పోసింది ఎవలు?"

"నాకెరుకే. నా నోరు ఒక్కటి. ఊరి నోళ్లు శానా. రేపు పొద్దుగూకేలోపు మొత్తం సామాను ఈడికి రావాలె. ఒక్కటి తక్కువైనా నువ్వు బంతిల కూసోవద్దు."

భోజనాల బంతిలో కూర్చోవద్దంటే అన్నం పెట్టకపోవడం ఒక్కటే కాదు. ఆ ఇంటికి ఇక ఆవిడ కూతురు కాదని. పెళ్లికి పిలవరు, చావుకి పిలవరు. కన్నమ్మ గొడుగును చెట్టు మొదట్లో ఆనించింది.

ఏమేం ఉండాలో చూసుకోవడానికి నా ఫోనులో ఫోటో పెద్దది చేసి చూపించాను. ఆడవాళ్లంతా మూగారు. గిన్నె, చాప, బుర్ర అంటూ వేలు పెట్టి చూపించుకున్నారు. "అగో, దువ్వెన" అంది కన్నమ్మ. ముత్తమ్మ పెళ్లికి ముందు, కాబోయే మొగుడు వెదురు చెక్కి ఇచ్చిన దువ్వెనట అది. ఆయన పోయాక కూడా దానితోనే దువ్వుకునేది, దానితోనే కన్నమ్మకు జడ వేసేది.

"ఎదురుది గదా. ఎదురు సామాను మీరు యాడ ఏస్తరు?" అని రాజయ్య అడిగాడు.

ఎరువు గుంతలో అని చెప్పాను. గోడ మీద నేను రాయించిన నియమం అదే.

వేరుచేయడం ఎంత సులువో, వేరుచేసినదాన్ని మళ్లీ ఒక్కటి చేయడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. చీరలు గుడ్డల బస్తాలో అడుగున దొరికాయి, ఉతికించాం. చెప్పులకు మాత్రం కుప్పంతా తిరగేయాల్సి వచ్చింది. ఊళ్లో ఆడవాళ్లందరివీ ఒకే రకం చెప్పులు, అందరివీ ఒకే చోట అరుగుతాయి. కన్నమ్మ ఒక్కో చెప్పునూ ముక్కు దగ్గర పెట్టుకున్నంత పని చేసి, చివరికి జత తీసింది. గిన్నె కోసం తుక్కు కొనే కబాడీ సేఠ్ దగ్గరికి పరిగెత్తాను. అప్పటికే సుత్తితో చదును చేసేశాడు. అది గిన్నె అని నేను చెబితే తప్ప తెలియదు. దాన్నే తెచ్చి రాజయ్య ముందు పెట్టాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "మేమన్న రేపు దీనికి చిల్లు కొట్టేటోళ్లమే. సచ్చినోళ్ల గిన్నెల బతికినోళ్లు తాగొద్దని. మీ సేఠ్ మా పని జేసిండు" అన్నాడు. అక్కడ నవ్వింది దశరథ్ ఒక్కడే, వెంటనే ఆపేశాడు.

ఇక శుక్రవారం మిగిలింది గుంత. చాప, బుర్ర, దువ్వెన.

ఎరువు గుంత అంటే మీకు మెత్తటి నల్లమట్టి గుర్తొస్తుంది. అది చివర. మొదట్లో అది ఉడుకుతున్న కుండ. కూరగాయల తొక్కులు, విస్తరాకులు, మిగిలిన అన్నం, సంతలో కుళ్లిన టమాటాలు, అన్నీ కలిసి లోపల కాగుతుంటాయి. చెయ్యి పెడితే పొయ్యి మీంచి దించిన అన్నంలో పెట్టినట్టుంటుంది. పొద్దున్నే మొదలుపెట్టాం. పార వేస్తే వస్తువు విరుగుతుందని కన్నమ్మ ఒప్పుకోలేదు, చేతులతోనే తోడదామంది. మా దగ్గరున్న చేతితొడుగులు చిరిగినవి. చాప పైపొరలోనే దొరికింది, ఒక అంచు నల్లబడింది. బుర్ర మధ్యాహ్నానికి దొరికింది, మెత్తబడింది గానీ ఆకారం ఉంది. కన్నమ్మ దాన్ని కడిగి, ఎండలో తలకిందులుగా బోర్లించింది.

దువ్వెన లేదు.

ఎండ నెత్తి మీద నుంచి పడమటికి వాలింది. మిగతా దీదీలు వంతులవారీగా వచ్చి తోడారు. రాజయ్య పంపిన మనిషి షెడ్డు బయట సైకిల్ ఆనించుకుని కూర్చున్నాడు. ఏమీ అడగడు, బీడీ కూడా కాల్చడు, ఊరికే చూస్తాడు. కన్నమ్మ గుంతలో మోకాళ్ల లోతున దిగింది. నేను పైనుంచి, ఇక చాలు, నేను వచ్చి మీ పెదనాన్నకు సర్దిచెబుతాను అన్నాను.

"ఏం సర్ది చెబుతవ్? పొద్దుగూకితే నా బతుకు ఈ గుంతలనే."

నేను కూడా దిగాను. పక్కపక్కనే తోడుతున్నాం. ఒకసారి ఆవిడ చెయ్యి బయటికి తీసి, అరచేతి వైపు అలా చూస్తూ ఉండిపోయింది. మొదట టమాటా అనుకున్నాను. కాదు. ఎవరో మహానుభావుడు పగిలిన ట్యూబులైటు ముక్కల్ని తడి చెత్తలో వేశాడు. బొటనవేలి కింద నుంచి మణికట్టు దాకా తెగింది. ఆ చెయ్యి పట్టుకుని పైకి లాగబోతే విదిలించుకుంది. "ముందు దువ్వెన" అంటూ రెండో చెయ్యి మళ్లీ లోపలికి పెట్టింది.

నా గది షెడ్డుకు దగ్గరే. దూది, కట్టుగుడ్డ తెస్తానని పరిగెత్తాను. తెచ్చి, తోటి దీదీతో కట్టు కట్టించాను. కన్నమ్మను గట్టు మీద బలవంతంగా కూర్చోబెట్టి నేను గుంతలోకి దిగాను. విస్తరాకుల పొర కింద తడిమాను. అక్కడ దొరికింది. చెయ్యెత్తి చూపించాను.

కన్నమ్మ కట్టు కట్టిన చేత్తోనే అందుకుని, కొంగుతో తుడిచి, ఒక్కసారి తన తలలో పెట్టి దువ్వి తీసింది. సైకిల్ మనిషి లేచి నిలబడ్డాడు. "సారుకు కండ్లున్నయ్" అన్నాడు. ఆ రోజంతా ఆయన మాట్లాడిన మాట అదొక్కటే.

పొద్దు ఇంకా ఉండగానే ఇప్పచెట్టు కిందికి చేరాం. రాయి నిలబెట్టారు. రాజయ్య ఒక్కొక్కటీ అందుకుని దాని కింద సర్దాడు. చివర్లో దువ్వెన. బంతిలో కన్నమ్మను తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. నన్నూ దశరథ్‌నూ కూడా కూర్చోమన్నారు. "ఈ పిలగాడు దొరకబట్టకపోతే మా పిల్ల నాకు దూరమయ్యేది" అని అందరికీ వినపడేలా చెప్పి నా విస్తట్లో ఇంకో ముద్ద వేశాడు. తిన్నాను. దశరథ్ ఈసారి భయం లేకుండా తిన్నాడు.

ఈ పొద్దున్న కన్నమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లాను. కుట్లు పడ్డాయి. వేళ్లు బాగానే కదులుతున్నాయి, భయం లేదన్నారు. కొన్నాళ్లు పనిలోకి రావద్దని చెబితే, "మరి మీ సూఖాలో గీలా కలిపితే ఎవలు తిడతరు?" అంది. చెట్లకింద, దారుల పక్కన ఏ వస్తువు కనపడినా దగ్గరి ఊరిని అడగకుండా ముట్టకూడదని కొత్త నియమం పెట్టాను. పై ఆఫీసుకు కూడా రాశాను. ఈసారి వాళ్ల నుంచి బొమ్మ రాలేదు.

సత్తిబాబు చెప్పిన కథకు అసలు కథ ఇదీ. నన్ను ఎవరూ కొట్టలేదు, కట్టలేదు. కడుపునిండా అన్నం పెట్టారు. అమ్మను కంగారు పడొద్దని చెప్పు.

ఒక చిన్న కోరిక. మన బజారులో మందపాటి రబ్బరు చేతితొడుగులు దొరుకుతాయి కదా, ఈ దారిన వచ్చే లారీలో మా దీదీలందరికీ సరిపడా పంపించు. కన్నమ్మ చేతులు చిన్నవి, ఆవిడకి నీ కొలత చాలు. మీరు కూడా పగిలిన గాజేదైనా ఉంటే కాగితంలో చుట్టి, విడిగా ఇవ్వండి. చెత్త మనిషి సలహా అని నవ్వొద్దు. గోంగూర పచ్చడి పెడితే కాదనను.

అమ్మ పాదాలకు నమస్కారం. ఈసారి మామూలు కంటే కొంచెం ఎక్కువగా దీవించమను. బావకు నమస్కారాలు, పేపరు కిందికి దించమను. పక్కింటి మామ్మగారిని అడిగానని చెప్పు. చిన్నికి ముద్దులు.

ఇట్లు,
మీ ఆశీస్సులకు అర్హుడో కాదో మీరే తేల్చవలసిన
శేషు

అక్కా, అమ్మకు ఇక్కడిదాకా చదివి కాగితం మడిచెయ్. ఈ కింద ఉన్నది నీ ఒక్కదానికే.

సోమవారం నాడు ఆ సామాను వేరుచేస్తున్నప్పుడు దువ్వెన చేతికొచ్చింది. పట్టుకునే చోట సన్నటి గీతలతో చేపలు చెక్కి ఉన్నాయి. నీకు పంపిద్దామనిపించింది. కడిగి, నీ కోసం పక్కన పెట్టిన తేనె సీసాతో పాటు నా సంచిలో పెట్టుకున్నాను. రాజయ్య మాట విన్నాక ఒప్పుకోవడానికి నోరు రాలేదు. కన్నమ్మ ఆ వేడి గుంతలో తోడుతున్నంతసేపూ అది నా గదిలోనే ఉంది. ఆ రక్తం చూశాక గదికి పరిగెత్తింది ఒక్క దూది కోసమే కాదు. చొక్కా కింద పెట్టుకుని వచ్చాను. నేను దాన్ని గుంతలోంచి తీయలేదు అక్కా. గుంతలో పెట్టి తీశాను.